నెల్లూరు, ఒంగోలు నుంచి రెండింజన్ల చిన్న విమానం చార్టర్ తీసుకోవడం ఎట్టా

మన వైపు కూడా ఈ మధ్య చార్టర్ ఫ్లైట్ మాట, అంటే విమానం మొత్తం మనకే అద్దెకి తీసుకోవడం, బాగానే వినపడతా ఉంది. రొయ్యలు ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ వాళ్లు, కృష్ణపట్నం పోర్టు పనుల మీద తిరిగేవాళ్లు, పెళ్లి పెట్టుకున్నోళ్లు, ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది "గంటకెంత?" అనే. ఆ ప్రశ్న మూడోది అన్నా. మొదటిది, విమానం రాత్రి ఎక్కడ ఉంటది. రెండోది, మా మనుషులు మా సామాను ఎక్కితే అది ఆగకుండా ఎంత దూరం పోతది. ఈ రెండూ తెలిస్తే గంట రేటు ఎంత చెప్పినా మీరు లెక్క వేసుకోగలరు, ఇవి తెలీకుండా రేటు బేరం ఆడితే తర్వాత బిల్లు చూసి నోరెళ్లబెట్టాల్సిందే.

ఇక్కడ నేను చెప్పేది ముఖ్యంగా రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, అంటే ముందు ప్రొపెల్లర్ తిరిగే ఇంజన్లు, ఉన్న చిన్న విమానాల గురించి, కింగ్ ఎయిర్ లాంటివి. పెద్ద జెట్ల సంగతి వేరే.

ముందు: అసలు మీకు అవసరమా

నెల్లూరు నుంచి చెన్నైకి అయితే వద్దు, ఇంక చదవబళ్లా. రోడ్డు మీద 175 కిలోమీటర్లు, మూడు గంటలు, కారెక్కి పోండి. హైదరాబాద్‌కి కూడా తిరుపతి నుంచో గన్నవరం నుంచో మామూలు ఫ్లైట్లు ఉన్నాయి, టైమ్ కుదిరితే అదే మేలు.

చార్టర్ పనికొచ్చేది ఎక్కడంటే, దూరం నాలుగైదు వందల నుంచి తొమ్మిది వందల కిలోమీటర్ల మధ్య ఉండి, డైరెక్ట్ ఫ్లైట్ లేక, అయిదారు మందీ కలిసి పోయి అదే రోజు తిరిగి రావాల్సి వచ్చినప్పుడు. ఉదాహరణకి చీమకుర్తి వాళ్లు బళ్లారి, హోస్పేట వైపు పనిమీద పోవాలంటే రోడ్డు మీద ఒక పగలంతా పోతది. గన్నవరం నుంచి తోరణగల్లు దగ్గర విద్యానగర్ ఎయిర్‌పోర్టుకి గాల్లో 470 కిలోమీటర్లు, గంట ప్రయాణం. అది జిందాల్ వాళ్ల ప్రైవేటు ఎయిర్‌పోర్టు, దిగాలంటే వాళ్ల పర్మిషన్ ముందే తీసుకోవాల, ఆ పని ఆపరేటర్ చూసుకుంటాడు కానీ తీసుకున్నాడా లేదా అని అడగాల్సింది మీరే.

జెట్ తీసుకుంటే ఇంకా తొందరగా పోవచ్చు కదా అంటారు. గంట లోపు దూరానికి జెట్‌తో కలిసొచ్చేది పావుగంటో ఇరవై నిమిషాలో, దానికి ఖర్చు మాత్రం బాగా పెరిగిపోతది. టర్బోప్రాప్ తక్కువ ఇంధనంతో, తక్కువ రన్‌వేతో పని కానిచ్చేస్తది. మన లాంటి ఊర్లవాళ్లకి సరిపోయేది ఇదే అని నా గట్టి అభిప్రాయం.

ఎక్కడ నుంచి ఎక్కాల

నెల్లూరులో ఎక్కే ఎయిర్‌పోర్టు లేదు. దగదర్తి పేరు ఏళ్ల తరబడి వింటానే ఉన్నాం, అది వచ్చినప్పుడు చూద్దాం. దొనకొండలో బ్రిటీషోళ్ల కాలం నాటి పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది కదా అని కొందరు అడగతారు, అది రెండో ప్రపంచ యుద్ధం నాటిది, ఇప్పుడు చార్టర్ దిగే పరిస్థితి లేదు. ఇంకో అనుమానం కొరిశపాడు దగ్గర హైవే మీద కట్టిన రన్‌వే గురించి. నాలుగు కిలోమీటర్ల కాంక్రీటు, 2024 మార్చిలో వైమానిక దళం వాళ్లు ఏఎన్-32, డోర్నియర్ దింపి మళ్లీ లేపారు, తమాషా ఏందంటే ఆ రెండూ కూడా రెండింజన్ల టర్బోప్రాప్‌లే. కానీ అది ఎమర్జెన్సీకి, ఎయిర్‌ఫోర్స్‌కి. మన చార్టర్‌కి అక్కడ పని లేదు.

కాబట్టి నెల్లూరు, గూడూరు, నాయుడుపేట వాళ్లకి రేణిగుంట. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా నెల్లూరు నుంచి రెండున్నర గంటలు పెట్టుకోండి. ఒంగోలు, చీమకుర్తి, అద్దంకి వాళ్లకి గన్నవరం, మూడు గంటలు అనుకోండి, విజయవాడ ట్రాఫిక్ దయ మీద ఆధారపడి. కావలి వాళ్లు మధ్యలో ఉన్నారు, ఎటు పోయే పనైతే అటు ఎక్కాల, ఉత్తరానికి పోవాలంటే గన్నవరం, పడమరకో దక్షిణానికో పోవాలంటే రేణిగుంట. గిద్దలూరు, కంభం వాళ్లు కడప గానీ కర్నూలు ఓర్వకల్లు గానీ చూసుకోవచ్చు, ఓర్వకల్లు 2021లో మొదలైంది.

ఇక్కడ ఒక విషయం చాలామంది మర్చిపోతారు, చిన్న ఎయిర్‌పోర్టులు ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండవు. వాటికి వాచ్ అవర్స్ అని ఉంటాయి, ఆ టైమ్ దాటి దిగాలన్నా లేవాలన్నా ముందే అడిగి వాచ్ ఎక్స్‌టెన్షన్ తీసుకోవాల, దానికి డబ్బులు కట్టాల. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి పెట్టి "మూడింటికి దిగుతాం" అని ముందు పంతులుకి మాటిచ్చి తర్వాత ఎయిర్‌పోర్టుని అడిగితే ఎట్టా? ఎయిర్‌పోర్టు టైమ్ కనుక్కున్నాకే మిగతా ప్లాన్.

ఏ విమానం

మన దేశంలో ఈ సైజులో ఎక్కువగా తిరిగేది బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్. 1964 నుంచీ ఈ కుటుంబం ఎగరతానే ఉంది. మూడు రకాలు గుర్తుపెట్టుకోండి. సీ90 చిన్నది, అయిదారుగురికి బాగుంటది. బీ200 ఏడెనిమిది మందికి, గంటకి 500 కిలోమీటర్ల పైన పోతది. 350 ఇంకొంచెం పొడుగు, ఇంకొంచెం స్పీడు, తొమ్మిది మంది దాకా. మూడిట్లోనూ ఉండేది ప్రాట్ అండ్ విట్నీ కెనడా వాళ్ల పీటీ6 ఇంజన్లే, బీ200లో ఒక్కోటీ 850 హార్స్‌పవర్. ఇది జెట్ ఇంజన్ లాంటిదే, కాకపోతే ఆ శక్తితో ముందున్న ప్రొపెల్లర్ తిప్పుతది. తాగేది కూడా జెట్లు తాగే ఏటీఎఫ్ నే, అంటే విమాన ఇంధనం.

రెండింజన్లు ఎందుకంటే, ఒకటి ఆగినా రెండోదానితో విమానాన్ని అదుపులో పెట్టుకుని దగ్గర్లో దిగొచ్చు. ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అడ్డం పడకుండా వాటంతటవే అంచు తిప్పుకునే ఏర్పాటు కూడా ఉంటది, దాన్ని ఆటోఫెదర్ అంటారు, అది పనిచేసే కండిషన్‌లో ఉందా అని అడిగితే ఆపరేటర్ మిమ్మల్ని కొంచెం గౌరవంగా చూస్తాడు. ఒక్క ఇంజన్ విమానాలు చెడ్డవని కాదు, పీసీ-12 లాంటివి మంచి పేరున్నవే, కానీ సముద్రం పక్కన, నల్లమల మీద, రాత్రి పూట ప్రయాణం అంటే నేనైతే రెండింజన్లకే ఓటు.

లోపల ఎట్టా ఉంటదో ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. సినిమాల్లో చూపించినట్టు నిలబడి నడిచేది ఉండదు, సీలింగ్ నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు, పొడుగోళ్లయినా పొట్టోళ్లయినా వంగే పోవాల. తలుపు కిందికి తెరుచుకుని అదే మెట్లు అవుతది, ఒకసారికి ఒక్కరే ఎక్కాల, ఇద్దరు కలిసి కాలు పెట్టకూడదు. ఫోటో కోసం ఆ మెట్ల మీద కుటుంబం మొత్తం నిలబడతారు చూడండి, పైలట్ గుండె ఆగినంత పనవుతది. టాయిలెట్ కొన్నిట్లో కర్టెన్ చాటున ఉంటది, పెద్దోళ్లని, పిలకాయల్ని ఎయిర్‌పోర్టులోనే ఒకసారి పోయి రమ్మనండి.

ఆపరేటర్ అసలోడా కాదా

ఇది జాగ్రత్తగా చదవండి, ప్రాణానికి సంబంధించింది. డబ్బులు తీసుకుని మనుషుల్ని ఎక్కించాలంటే ఆపరేటర్‌కి డీజీసీఏ, అంటే విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇచ్చిన నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాల. పర్మిట్ ఉన్నోళ్ల లిస్టు డీజీసీఏ వెబ్‌సైట్‌లోనే ఉంటది. ఏదో కంపెనీ ఓనర్ సొంతానికి కొనుక్కున్న విమానం ప్రైవేట్ కేటగిరీలో ఉంటది, దాన్ని అద్దెకి ఇవ్వకూడదు. "మనోడి ఫ్లైట్ ఖాళీగా ఉంది, ఫ్యూయల్ డబ్బులిస్తే చాలు" అని ఎవరన్నా చెప్తే అది ఇదే బాపతు, తక్కువకే వస్తది, ఏమన్నా అయితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేసే అవకాశం ఉంది.

మీతో మాట్లాడేది ఎక్కువసార్లు బ్రోకరే అయ్యుంటాడు, అందులో తప్పు లేదు. కానీ కొటేషన్‌లో మూడు ఉండాల: విమానం రిజిస్ట్రేషన్ నంబరు, అదే వీటీ తో మొదలయ్యేది, పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో ఆ కంపెనీ పేరు, ఆ పర్మిట్‌లో ఈ నంబరు ఉన్నట్టు కాగితం. "ఈ విమానం గానీ ఇట్టాంటిదే ఇంకోటి గానీ" అని రాసుంటే ఒప్పుకోవద్దు, మారిస్తే కొత్త నంబరుకి కాగితాలు మళ్లీ చూపించాలని మెసేజ్ పెట్టండి. ఇన్సూరెన్స్ కాపీ అడగండి, ప్రయాణికులకి కవర్ ఎంతో చూడండి. ఇద్దరు పైలట్లు వస్తున్నారా అని అడగండి, ఇద్దరికీ ఈ రకం విమానం మీద రేటింగ్, అంటే దాన్ని నడిపే అర్హత, ఉందా, ఎంత అనుభవం అని కూడా. మొహమాటపడితే ఎట్టా, అడిగేది మీ పిలకాయల ప్రాణాల గురించి.

కొటేషన్ చదవడం

ఇప్పుడు మొదట్లో చెప్పిన ప్రశ్నకి వద్దాం, విమానం రాత్రి ఎక్కడ ఉంటది. తిరుపతిలో మీకోసం విమానం నిద్రపోతా ఉండదు. హైదరాబాద్ బేగంపేట నుంచో, బెంగళూరు నుంచో, చెన్నై నుంచో ఖాళీగా వస్తది, మిమ్మల్ని దింపాక ఖాళీగా పోతది. ఆ ఖాళీ ప్రయాణం కూడా మీ బిల్లే, దాన్ని పొజిషనింగ్ అంటారు. మన వైపు చార్టర్ ఖరీదు పెరిగేది ఎక్కువగా ఇక్కడే, పైగా ఎయిర్‌పోర్టుకి కారు ఖర్చు ఉండనే ఉంది.

లెక్క ఒకటి వేసి చూపిస్తా. నెల్లూరు నుంచి ఏడుగురు ఒకే రోజులో షిర్డీ పోయి రావాలనుకున్నారు. షిర్డీ ఎయిర్‌పోర్టు 2017లో మొదలైంది, రన్‌వే రెండున్నర కిలోమీటర్లు, కింగ్ ఎయిర్‌కి కావాల్సిన దానికంటే చాలా ఎక్కువ. రేణిగుంట నుంచి గాల్లో 870 కిలోమీటర్లు, బీ200 లో విమానం నేల మీద రన్‌వే దాకా నడిచే టైమ్ కూడా కలిపి రెండు గంటలు. విమానం బేగంపేట నుంచి వస్తే తిరుపతికి 440 కిలోమీటర్లు, గంట. అంటే రావడం ఒక గంట, షిర్డీకి రెండు, తిరిగి రెండు, ఖాళీగా బేగంపేటకి ఒకటి, మొత్తం ఆరు గంటలు, మీరు ఎక్కి కూర్చునేది మాత్రం నాలుగే. లెక్క కోసం గంటకి లక్షన్నర అనుకుందాం, తొమ్మిది లక్షలు. జీఎస్టీ 18 శాతం, లక్షా అరవై రెండు వేలు. పది లక్షల అరవై రెండు వేలు అయింది, దీనిమీద ల్యాండింగ్, పార్కింగ్, హ్యాండ్లింగ్ చార్జీలు. ఏడుగురికి పంచితే తలకి లక్షన్నర పైన. కొంతమందికి అది ఒక రోజు సంపాదన, మిగతావాళ్లు చెన్నైకి పోయి మామూలు ఫ్లైట్ చూసుకోండి, బాబా ఏమీ అనుకోడు.

అదే చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న విమానం దొరికితే పొజిషనింగ్ గంట నుంచి అరగంట చిల్లరకి తగ్గతది. అందుకే గంట రేటు పదివేలు తక్కువున్న దూరపు విమానం కంటే, రేటు కొంచెం ఎక్కువైనా దగ్గర విమానం చవక పడొచ్చు, మొత్తం గంటలు రాసి ఇమ్మనండి. కొన్నిసార్లు ఎంప్టీ లెగ్ దొరకతది, అంటే విమానం ఎట్టాగూ ఖాళీగా తిరిగి పోతా ఉంటే ఆ ప్రయాణం తక్కువకి అమ్మేస్తారు, మీ టైమ్ వాళ్ల చేతిలో ఉంటది, పెళ్లికి దాన్ని నమ్ముకోవద్దు.

రోజుకి కనీసం రెండు గంటల బిల్లింగ్ అని చాలామంది పెడతారు. రాత్రి ఆగితే పైలట్ల హోటల్, భోజనం, విమానం పార్కింగ్ మీవే. క్యాన్సిల్ చేస్తే ఎంత కోస్తారు, వాతావరణం వల్ల వాళ్లే ఆపితే ఎంత, ఈ రెండూ వేరువేరుగా రాయించుకోండి, ఒకటే లైన్‌లో కలిపేసి ఉంటే విడగొట్టించండి. ఎలక్షన్ సీజన్‌లో అడగనే వద్దు, ఉన్న విమానాలన్నీ పార్టీలు ముందే పట్టేసి ఉంటాయి.

బరువు

సీట్లు ఎనిమిది ఉన్నాయి కదా అని ఎనిమిది మందిని, ఎనిమిది సూట్‌కేసుల్ని లెక్కేసుకుంటారు. బీ200 మొత్తం బరువు, మనుషులు ఇంధనం సామాను అన్నీ కలిపి 5,670 కేజీలు దాటకూడదు. ట్యాంకులు నిండా పోస్తే ఇంధనమే 1,650 కేజీల దాకా ఉంటది. ట్యాంకులూ నిండా, సీట్లూ నిండా అనేది కుదరదు. మనుషులు ఎక్కువైతే ఇంధనం తగ్గించాల, ఇంధనం తగ్గితే దూరం తగ్గతది, దూరం తగ్గితే మధ్యలో దిగి నింపుకోవాల, దిగే చోట ఏటీఎఫ్ దొరకాల. ఇదంతా గొలుసు.

కాబట్టి బుక్ చేసేటప్పుడే ఇంట్లో తూకం మిషన్ తీసి ఒక్కొక్కర్నీ నిలబెట్టి నిజం బరువు రాయండి. పెళ్లి వాళ్లయితే పట్టుచీరలు, నగలతో కలిపి. ఆడవాళ్ల బరువు అడగడానికి మొహమాటపడి బ్రోకర్‌కి అందరికీ అరవై అని రాసిచ్చేస్తారు, అది చేయొద్దు, కావాలంటే పేర్లు లేకుండా మొత్తం ఒక్కటే చెప్పండి.

గ్రానైట్ వాళ్లకి స్పెషల్‌గా చెప్తున్నా. బ్లాక్ గెలాక్సీ శాంపిల్ అడుగు చదరం ముక్క, ఇరవై మిల్లీమీటర్ల మందం, చేత్తో పట్టుకుంటే చిన్నదే, తూకం వేస్తే అయిదు కేజీల పైన. ఇరవై ముక్కలు పెట్టె కట్టారంటే వంద కేజీలు దాటింది, ఒక మనిషిన్నర. దాన్ని వెనక లగేజీ దగ్గర పెడితే తోక బరువై బ్యాలెన్స్ మారతది, అందుకే ఎక్కడ పెట్టాలో పైలట్ చెప్తాడు, మీ డ్రైవర్ చేత ఎక్కించేసి దాచకండి. ముక్కలు చిన్నవి కోయించుకోండి, లేదంటే ముందు రోజే లారీలో పంపేయండి.

సూట్‌కేసుల కంటే మెత్తటి బ్యాగులు సర్దడానికి బాగుంటాయి. రొయ్యల శాంపిల్స్ డ్రై ఐస్‌లో తీసుకుపోవాలంటే అది డేంజరస్ గూడ్స్ కిందికి వస్తది, ముందే చెప్పి ఒప్పించుకోవాల. టపాకాయలు అసలు వద్దు. మలైకాజా ఎంతైనా తీసుకుపోండి, చేపల పులుసు మాత్రం మూత గట్టిగా ఉన్న క్యారియర్‌లో, అంత చిన్న క్యాబిన్‌లో ఒలికిందంటే ఆపరేటర్ క్లీనింగ్ చార్జీ వేస్తాడు, న్యాయమే.

ఎండ, వాన, రాకెట్టు

మే నెల రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి టేకాఫ్ పెట్టుకోకండి. వేడికి గాలి పలచబడి రెక్కలకీ ఇంజన్లకీ బలం తగ్గతది, రన్‌వే ఎక్కువ కావాల, బరువు తగ్గించమంటారు. పొద్దున ఏడింటికి లేస్తే ఆ బాధ లేదు, కుదుపులు కూడా తక్కువ.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి తుఫాన్లు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు ఎట్టా అయిందో చూశాం. టర్బోప్రాప్ ఎగిరే ఎత్తు పాతిక వేల అడుగుల అటూ ఇటూ, ఉరుముల మేఘాలు దానికి పైదాకా లేస్తాయి, పైనించి దాటిపోలేరు, చుట్టూ తిరగాల లేదా ఆగాల. ఈ నెలల్లో ఒక రోజు ముందే చేరేట్టు ప్లాన్ చేసుకోండి.

శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు ఆ చుట్టుపక్కల ఆకాశంలో కొంత భాగం ఆ టైమ్‌కి మూసేస్తారు, నోటామ్ ఇస్తారు, అంటే పైలట్లకి ముందే ఇచ్చే నోటీసు. రేణిగుంట నుంచి పోయేవాళ్లు డేట్ ఖాయం చేసేముందు ఇస్రో లాంచ్ డేట్ ఒకసారి చూసుకోండి, రాకెట్టు వాయిదా పడితే మీ టైమ్ కూడా మారొచ్చు.

పైలట్ "ఇప్పుడు కాదు" అంటే అయిపోయింది. "ముహూర్తం దాటిపోతది", "సార్ మీటింగ్ ఉంది" అని నలుగురు చుట్టూ చేరి ఒత్తిడి చేయకూడదు. 2001లో కాంగ్రెస్ నాయకుడు మాధవరావు సింధియా పోయింది కింగ్ ఎయిర్ సీ90 లోనే, యూపీలో మెయిన్‌పురి దగ్గర, చెడ్డ వాతావరణంలో. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో ఏమైందో మనకి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు, ఆ రోజూ వాతావరణమే. రెండింజన్లున్నా మబ్బుల ముందు అది రెండో సంగతే.

పేషెంట్ కోసమైతే

ఎయిర్ అంబులెన్స్‌గా తిరిగేవి కూడా ఎక్కువగా ఈ సీ90, బీ200 లే, సీట్లు తీసి స్ట్రెచర్ పెడతారు. కానీ నెల్లూరు నుంచి చెన్నైకి అయితే ఆలస్యం చేయకుండా ఐసీయూ అంబులెన్స్‌లో రోడ్డు మీదే పోండి, రేణిగుంట చేరి విమానం వచ్చేదాకా ఆగే టైమ్‌కి చెన్నైలో అడ్మిట్ అయిపోతారు. ఢిల్లీ, ముంబై లాంటి దూరాలకి అయితే సరే. విమానానికి తగ్గ పరిస్థితిలో ఉన్నట్టు డాక్టర్ సర్టిఫికెట్, రిపోర్టులు, అవతల ఆసుపత్రిలో బెడ్ ఖాయమైనట్టు కాగితం, రెండు వైపులా అంబులెన్స్, ఇవన్నీ ఒకే ఆపరేటర్ చేతిలో పెట్టండి. పైకి పోయేకొద్దీ క్యాబిన్‌లో గాలి కొంచెం పలచబడతది, ఊపిరితిత్తుల కేసైతే ఆ మాట డాక్టర్‌తో ముందే మాట్లాడండి. స్ట్రెచర్ పక్కన ఇంట్లోవాళ్లకి ఒకటో రెండో సీట్లే ఉంటాయి, ఎవరు ఎక్కేదీ ఇంటి దగ్గరే తేల్చుకోండి, రన్‌వే పక్కన కాదు.

ఆ రోజు, ఆ తర్వాత

అందరి పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ముందు రోజు పంపండి, ఆఖరి నిమిషంలో బావమరిదిని ఎక్కించాలంటే బరువూ మారతది లిస్టూ మారతది. చార్టర్ అయినా సెక్యూరిటీ చెక్ ఉంటది, ఒక గంట ముందు చేరండి. ఎక్కేముందు విమానం తోక దగ్గర నంబరు, మీ కొటేషన్‌లో నంబరు ఒకటేనా అని ఫోన్ తీసి సరిచూసుకోండి.

బిల్లు వచ్చాక బ్లాక్ టైమ్ చూడండి, అంటే విమానం కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా. మీ ఫోన్‌లో కదిలిన టైమ్, ఆగిన టైమ్ రాసుకుని ఉంటే పోల్చుకోవచ్చు, పది నిమిషాలు తేడా అంటే లక్షన్నర రేటు మీద పాతిక వేలు. ఖాళీగా వచ్చి పోయిన గంటలకి కూడా టైములు రాసి ఇమ్మని అడగండి, అవి ఆపరేటర్ దగ్గర లాగ్‌లో ఉంటాయి. కంపెనీ పేరుమీద బిల్లు కావాలంటే జీఎస్టీ నంబరు అడ్వాన్స్ కట్టేరోజే ఇవ్వండి, తర్వాత మార్పించడానికి వాళ్ల అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరగాల్సి వస్తది.